కెలెక్ద్ పెళ్ళి

ద్రెనోవిట్సా పురపాలక కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకునే జివ్కోలాంటి మొనగాడు దాన్యూబ్ నుంచి రొడోపీ కొండల దాకా ఎక్కడా లేడు. అతను ఈల వేస్తే సర్వర్లు లేచి నిలబడేవి. ఆ చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ కార్యాలయంలో బల్లల మీద ఉండేవి ఉత్త తెరలూ మీటలూ. అసలు కంప్యూటర్లన్నీ కింది గదిలో ఒకే సర్వర్ కడుపులో ఉంటాయి. జివ్కో ఒక మాస్టర్ కాపీ తయారుచేస్తాడు. గుమాస్తా లాగిన్ అయినప్పుడల్లా ఆ అచ్చులోంచి వేడివేడిగా ఒక డెస్క్‌టాప్ ఊడిపడుతుంది, లాగౌట్ అయితే కరిగిపోతుంది. అచ్చులో సొట్ట పడిందా, ఆఫీసంతటికీ సొట్టే.

ఆ శనివారం అతని కూతురు నెవెనా పెళ్ళి, పై అంతస్తు హాల్లోనే. శనివారాల్లో పెళ్ళిపత్రాలు రాసే బల్ల తప్ప మిగతావన్నీ ఖాళీ కనక, అచ్చు మార్చడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం లేదనుకున్నాడు. పద్ధతి ప్రకారం ముందు పాత అచ్చుకి నకలుగా స్నాప్‌షాట్ తీసుకున్నాడు; తేడా వస్తే వెనక్కి పోవడానికి అదే దారి. కొత్త హంగులు ఎక్కించాడు. పనిలో పనిగా, ఈ కాలంలో ఎవడు వాడతాడులే అని, మీటల మీద అక్షరాలు కూర్చిన టైపు మిషన్లనాటి పాత వరసని పీకి పారేసి, తను వాడే కొత్త వరస ఒక్కటే ఉంచాడు. రెండు ముక్కలు కొట్టి చూశాడు. భేషుగ్గా ఉంది. స్నాప్‌షాట్ చోటు తింటోందని అదీ చెరిపేశాడు.

చెయ్యి తప్పలేదన్నానా? ఆ మాట నీళ్ళలో కలిపేయండి.

పెళ్ళిపత్రాలు రాసే త్సోంకా మీటలకేసి చూసే మనిషి కాదు. చూసినా లాభం లేదు, ఆవిడ మీటల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. వరస వేళ్ళకే తెలుసు. అదీ పాత వరస. ఆవిడ 'న' అనుకుని నొక్కిన మీటకి కొత్త వరసలో 'క' పడుతుంది.

"ఒరేయ్ జివ్కో, ఇలా రా. నీ కూతురి పేరేమిట్రా?"

"అదేమిటి పిన్నీ, నెవెనా అని పెట్టించింది నువ్వేగా!"

"మరి ఇక్కడ కెలెక్ద్ అని పడిందేం? అల్లుడు అసెన్ కాస్తా దియెక్ అయ్యాడు. కెలెక్ద్‌కీ దియెక్‌కీ ముడిపెట్టమంటావా? ఏ చుక్క మీంచి దిగార్రా వీళ్ళు?"

జివ్కో మీటల పలక తన వైపు లాక్కోబోయాడు. "జరుగు పిన్నీ, నేను కొడతా."

"పెళ్ళికూతురి తండ్రే పెళ్ళిపత్రం రాసుకుంటాడా? సీలు తీసుకెళ్ళి నీ నుదుటిమీద గుద్దుతా. నువ్వు కెలికావు, కెలెక్ద్ అయింది. బాగుచెయ్యి."

అచ్చు మళ్ళీ పొయ్యాలంటే గంట పైమాటే. తర్వాతి జంట అప్పుడే మెట్లెక్కుతోంది. వంతు తప్పితే నెవెనా పెళ్ళి వచ్చే శనివారానికే. విందు గొర్రెపిల్లేమో ఇంటి దగ్గర నిప్పులమీద తిరుగుతోంది. హాల్లో మేళగాళ్ళు ఆగలేక మొదలెట్టారు. చుట్టాలు చేతులు కలిపి హోరో ఆడుతూ మెట్లు దిగారు. ఫౌంటెన్ చుట్టి, పోస్టాఫీసు వెనకనుంచి తిరిగొచ్చేసరికి మొదటివాడి చేతికి చివరివాడి చెయ్యి దొరికింది.

నెవెనా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చింది. "నాన్నా, అసెన్ మొహం పాలిపోయింది. నాకే ఇష్టం లేదేమో అనుకుంటున్నాడు. ఏమైంది?"

"నా తెలివి, తల్లీ," అన్నాడు జివ్కో.

అప్పుడే పన్నుల గుమాస్తా మిట్కో చేతిలో రకియా సారా గ్లాసుతో ఊగుతూ వచ్చాడు. లాగౌట్ కాకుండా ఇంటికి పోతాడని జివ్కో చేత వారం వారం చీవాట్లు తినే మనిషి.

"మిట్కో! నిన్న లాగౌట్ అయ్యావా?"

"అయ్యాను, అయ్యాను."

"ఒట్టు?"

"పెళ్ళిపూట కూడా తిట్లేనా బావా?"

"అయ్యావా లేదా?"

"ఏనాడు అయ్యాను గనకా!"

జివ్కో అతని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. లాగౌట్ కాని డెస్క్‌టాప్ కరగదు. పాత అచ్చులో పుట్టింది, పాత వరసతోనే బతికుంటుంది.

త్సోంకాని లేపుకుని ముగ్గురూ పన్నుల గదిలోకి పరిగెత్తారు. మిట్కో తాళం తియ్యగానే తెర నిండా సగం ఆడిన పేకముక్కలు. త్సోంకా కూర్చుంది. "మూసేస్తున్నా."

"ఆగు పిన్నీ, గెలిచే ఆట!"

మూసేసింది. ఆవిడ వేళ్ళు నడుస్తుంటే జివ్కో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. నెవెనా. పక్కన అసెన్. ప్రింటర్ లోంచి కాగితం ఇంకా వేడిగా ఉండగానే సీలు పడింది.

"ముందే సరిచూసుకోవచ్చు కదరా?" అంది త్సోంకా.

"చూశాను పిన్నీ."

"నీ వేళ్ళతో చూశావు. ఇకమీదట నా వేళ్ళతో చూడు."

అప్పట్నుంచి కొత్త అచ్చు ముందు త్సోంకా ఒక్కదాని బల్లకే పోతుంది. ఆవిడ తిట్టకుండా వారం గడిచాకే మిగతావాళ్ళకి. అందాకా స్నాప్‌షాట్ తన చోటు తను తింటుంది. మిట్కోకి మాత్రం సోమవారం మళ్ళీ చీవాట్లే.

కెలెక్ద్ నిజం, నమ్మకపోతే మా రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. నేను కల్పించింది పోస్టాఫీసు చుట్టిన ఆ హోరోనే. వాయించింది ఒకే ఒక్క అకార్డియన్, ఆడింది నలుగురు, అందులో ఇద్దరు తర్వాతి పెళ్ళివాళ్ళు.