గుండె వెళ్ళేదాకా ఫోన్ చేయొద్దు

పిచ్చుకగాడు పుట్టినప్పటి నుంచీ వాళ్ళమ్మకు కంటి మీద కునుకు లేదు. పడుకున్నవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునేది. ఏడిస్తే ఎందుకేడుస్తున్నాడని భయం, ఏడవకపోతే ఎందుకేడవట్లేదని భయం. "నీ చూపులకే అరిగిపోతాడే బిడ్డ" అని అత్తగారు వేళాకోళం చేసేది. అలాంటి అత్తగారే ఒక పొద్దున, "అమ్మాయ్, వీడు పాలు తాగుతూ తాగుతూ ఆగి రొప్పుతున్నాడు, చూశావా?" అంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

పిల్లల డాక్టరమ్మ వాడి ఛాతీ మీద గొట్టం పెట్టి ఒకసారి విన్నది, కళ్ళు మూసుకుని ఇంకోసారి విన్నది. "గుండెలో ఏదో చప్పుడు ఉందమ్మా. పైకెళ్ళి స్కానింగ్ తీయించు" అంది.

స్కానింగ్ గది మందుల కొట్టు మీద మేడపైన ఉంది. ఒక మంచం, ఒక మిషను, ఒక కంప్యూటరు, ఊచల కిటికీ. స్కానింగాయన నెమ్మదస్తుడు. చల్లటి జెల్లీని ముందు తన అరచేతిలో రుద్ది వెచ్చబెట్టి, అప్పుడు వాడి ఛాతీకి రాశాడు. మిషను తెర మీద చీకట్లో ఏదో కదిలింది. గుప్పెడు కూడా లేదది. నీళ్ళలో చేపపిల్ల నోరు తెరిచి మూసినట్టు, తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

"అదేనా అండీ?"

"అదేనమ్మా. మీవాడి గుండె."

తొమ్మిది నెలలు మోసింది, మూడు నెలలుగా పాలిస్తోంది, అయినా వాడిలో తను చూడనిది ఒకటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ పైకొచ్చి తెర చూసింది. "రంధ్రం ఉంది. కంగారు పడకు, చాలామంది పిల్లలకు ఉంటుంది. దానంతటదే పూడుకునేదో, కోసి మూయాల్సిందో నేను తేల్చలేను. పెద్దాసుపత్రిలో గుండె డాక్టరుగారికి ఈ వీడియో పంపిద్దాం. ఆయన మధ్యాహ్నం ఆపరేషన్‌కి లోపలికి వెళ్ళిపోతారు. ఆలోపు చూస్తే ఇవాళే తేలిపోతుంది. లేదంటే వచ్చే వారమే. ఆయన ఊళ్ళో ఉండరు."

వచ్చే వారం! వాడి ఛాతీ మీద కత్తి పడుతుందో లేదో తెలియకుండా వారం రోజులు! ఒక్క రాత్రే గడవదు తనకు.

అంతలో స్కానింగాయన కంప్యూటరు ముందు తల పట్టుకున్నాడు. "వీధిలో పైపుల కోసం తవ్వుతున్నారు కదండీ, కేబులు తెంపేసినట్టున్నారు. నెట్టు పోయింది." తన ఫోను తీసి చూసుకున్నాడు. "నాదానికి ఈ గదిలో ఒక్క గీత సిగ్నలు కూడా రాదు. అమ్మా, మీ ఫోను ఏదీ?"

"నాదా? మా ఆయన వాడి వాడి పారేయబోతుంటే తీసుకున్నానండీ."

"పాతదైతేనేం, పెద్దమనుషులంటే నాకు గౌరవమే. ఇటివ్వండి."

కిటికీ దగ్గర పెట్టి చూస్తే గీతలన్నీ నిలబడ్డాయి. ఎదురు మేడ మీదే టవరు ఉంది, దాని మీద రెండు కాకులు. ఆయన ఫోనులో ఏవో నొక్కి, కంప్యూటరును దానికి కలిపాడు. "ఇక్కడే నిలబడి పట్టుకోండి. కదిలించొద్దు."

ఎడమ భుజాన పిల్లాడు, కుడిచేతిలో ఫోను. వాడేమో మెరిసేది కనబడితే చాలు, దాని కోసం చెయ్యి చాపుతున్నాడు. "ఇవ్వను, నాన్నా" అని ఆమె చేతిని దూరంగా పట్టుకుంది.

"ఇందులోంచి ఎలా వెళ్తుందండీ వాడి గుండె?"

"ముక్కలు ముక్కలుగా."

ఆమె ముఖం పాలిపోయింది. ఆయన నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, బొమ్మని తల్లీ! బొమ్మని ముక్కలు చేస్తుంది. వేలకి వేలు. ప్రతి ముక్క మీదా నంబరు ఉంటుంది. మీ ఫోన్లోంచి గాల్లోకి ఎగిరి ఆ టవరెక్కుతాయి. అక్కడ్నుంచి తలోదారినా పోవచ్చు. చివరికి అన్నీ ఆసుపత్రిలో దిగి నంబరు ప్రకారం అతుక్కుంటాయి."

ఆమెకు ప్రాణం కుదుటపడింది. ఇది తనకు తెలిసిన పనే. పదో తరగతి సగంలో బడి మాన్పించింది మొదలు, కడుపుతో ఉన్నప్పటిదాకా చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుట్టింది. ముందు భాగం ఒక బల్ల మీద, చేతులు ఒక బల్ల మీద, కాలరు తన బల్ల మీద. నంబరు చీటీలను బట్టి చివర్లో అన్నీ ఒక చొక్కా అవుతాయి. చీటీ ఊడిందా, లావాటాయన చొక్కాకి బక్కాయన కాలరే.

"ఇంకెవరి గుండె ముక్కో మావాడి దాంట్లో కలవదు కదండీ?"

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "కలవదమ్మా. ఏ ముక్కైనా దారిలో తప్పిపోతే, అవతల కంప్యూటరు 'ఫలానా నంబరు రాలేదు, మళ్ళీ పంపు' అని అడుగుతుంది. వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది."

"అడుగుతుందా!" అంది ఆమె. ఒక్క ముక్క కూడా తప్పిపోనివ్వకుండా లెక్క చూసుకునేవాళ్ళు ఆ గాలిలో ఉన్నారంటే, ఆమె ఒళ్ళు జలదరించింది.

కంప్యూటరు తెర మీద, ఎంత వెళ్ళిందో చూపే ఆకుపచ్చ గీత పాకడం మొదలుపెట్టింది. సగం దాటింది. అప్పుడు ఫోను మోగింది. అత్తగారు.

"ఏమన్నారే?"

"పంపిస్తున్నారు అత్తయ్యా."

"ఏం పంపిస్తున్నారు?"

"వాడి గుండె."

"ఆఁ?"

"గుండె బొమ్మ! మళ్ళీ చేస్తాను" అని పెట్టేసి తిరిగి చూస్తే ఆకుపచ్చ గీత లేదు.

"మొదటికొచ్చిందమ్మా" అన్నాడు స్కానింగాయన. "ఈ ఫోను మాటైనా మోస్తుంది, డేటా అయినా మోస్తుంది. రెండూ ఒకేసారి మోయలేదు. కాల్ వస్తే డేటా ఆగిపోతుంది. అవతల కంప్యూటరు ఒక పెంకిఘటం. గొలుసు తెగిందంటే సగం సరుకు ఉంచుకోదు, మొదట్నుంచీ రమ్మంటుంది."

"మోగకుండా పెడితే?"

"మీకు వినబడదు, అంతే. వచ్చే కాల్ వస్తూనే ఉంటుంది."

మళ్ళీ పంపారు. ఈసారి గీత సగానికి కూడా రాలేదు, పుట్టింటి నుంచి ఆమె అమ్మ ఫోన్ చేసింది. ఆ వెంటనే చెల్లెలు. ఆ వెంటనే, ఇంతకుముందు మాట మధ్యలో పెట్టేశావేమని అత్తగారు. పాపం, ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. పిచ్చుకగాడంటే అందరికీ ప్రాణం. ఆ ప్రాణమే వాడి గుండెని దారి మధ్యలోంచి వెనక్కి లాగుతోంది.

డాక్టరమ్మ తలుపులోంచి తొంగి చూసింది. "గుండె డాక్టరుగారు ఆపరేషన్‌కి చేతులు కడుక్కోవడానికి వెళ్ళబోతున్నారట. కాసేపు ఆగమన్నాను. త్వరగా!"

ఇంక ఎవరూ ఫోన్ చేయకూడదు. అందరికీ చెప్పాలి. ముందు అత్తగారికి చెప్పాలి. కాపురానికొచ్చాక ఆవిడకి ఎదురుగా 'వద్దు' అన్న మాట ఒక్కసారీ అనలేదు. కూర మారు వడ్డిస్తుంటే కూడా అనలేదు, కడుపు ఉబ్బినా తినేసింది.

ఆవిడకే ఫోన్ చేసింది. "అత్తయ్యా, మీరు ఇంక ఫోన్ చేయొద్దు."

"ఏంటీ?" అంది అత్తగారు.

"మీరు చేస్తే వాడి గుండె ఆగిపోతోంది!"

"నోర్ముయ్! ఏం మాటలే అవి!"

"వాడిది కాదు అత్తయ్యా, బొమ్మ! ఈ ఫోన్లోంచే వెళ్తోంది. కాల్ వస్తే మధ్యలో తెగిపోయి మళ్ళీ మొదటికొస్తోంది. డాక్టరుగారు లోపలికి వెళ్ళిపోతారు." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

"అంటే ఇందాకట్నుంచీ నేనే వాడికి అడ్డం పడుతున్నానా?"

"మా అమ్మ కూడా."

"ఆ మాట ముందే ఏడవొచ్చుగా! పెట్టెయ్ ఫోను. మీ అమ్మకి నేను చెప్తా. నీ చెల్లెలికి, దాని మొగుడికి, అందరికీ నేను చెప్తా. నా కొడుకు లారీ ఎక్కితే ఎవరి మాటా వినడు, వాడికి ఎలా చెప్పాలో నాకు తెలుసు. నీ అంతట నువ్వు చేసేదాకా ఎవడైనా ఫోను ముట్టుకున్నాడా, వాడి చెయ్యి విరుస్తా!"

ఆమె కళ్ళు తుడుచుకుని కిటికీ దగ్గర నిలబడింది. కొన్ని నిమిషాలు ఆగమంది. అత్తగారి మాట అందరికీ చేరాలిగా. తర్వాత స్కానింగాయన మూడోసారి నొక్కాడు.

ఆకుపచ్చ గీత బయల్దేరింది.

ఫోను మోగలేదు.

బయట సన్నగా చినుకులు మొదలయ్యాయి. కింద తవ్వేవాళ్ళు గోనెసంచులు తలమీద కప్పుకున్నారు. ఒకామె గొడుగు కింద నడుస్తోంది, ఒకాయన సైకిలు ఆపి ఆకాశంలోకి చూస్తున్నాడు. వాళ్ళ నెత్తి మీదనుంచే, ఆ చినుకుల మధ్యనుంచే, ఒక్క ముక్కా తడవకుండా, ఎవరికీ తగలకుండా, తన కొడుకు గుండె వెళ్తోంది. సైకిలాయన సరిగ్గా ఆ దారిలోనే మొహం ఎత్తి నిలబడ్డాడు. ఏమీ తెలియనట్టు తుమ్మాడు.

చేతిలో ఫోను వెచ్చబడింది. జ్వరం చూసీ చూసీ అలవాటైన చెయ్యి అది, ఎక్కడ వెచ్చగా తగిలినా ఉలిక్కిపడుతుంది. ఇది మాత్రం నిద్రపోతున్న బిడ్డ వీపులా ఉంది. ఎడమచేతి కింద టకటకమని కొట్టుకుంటున్నది వాడి గుండే, కుడిచేతిలోంచి వెళ్తున్నదీ వాడి గుండే. గుండె అరచేతిలో పెట్టుకుని బతకడమంటే ఇన్నాళ్ళూ భయం అనుకుంది. ఇప్పుడు ఆ అరచేతినే అబ్బురంగా చూసుకుంది.

ఇంకా ఫోను మోగలేదు. ఇంట్లో అత్తగారు గుమ్మంలో కూర్చుని అందరినీ గుడ్లురిమి చూస్తుంటుంది. అమ్మ ఫోనును ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకుని ఉంటుంది. ఆయన ఎక్కడో రోడ్డు పక్కన లారీ ఆపి ఉంటాడు. ఇంతమంది ఉగ్గబట్టుకుని కూర్చుంటే ఆ మౌనం కూడా ఆమెకు వినబడుతున్నట్టే ఉంది.

గీత చివరంటా వచ్చి, గోరంత దూరంలో ఆగింది.

"ఏమైందండీ?"

"ఏదో ముక్క తప్పిపోయినట్టుంది. అవతలివాళ్ళు మళ్ళీ అడుగుతున్నారు."

ఆమె ఊచల్లోంచి చెయ్యి మోచేతి దాకా బయటికి చాపింది. చినుకులు మణికట్టు మీద పడ్డాయి. ఫోనును వేళ్ళ కింద దాచి, "వెళ్ళమ్మా, వెళ్ళు. నీ కోసమే చూస్తున్నారు" అంది. ఎవరితో అందో ఆమెకే తెలియదు. స్కానింగాయన కూడా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

గీత నిండింది.

తర్వాతి నిరీక్షణ అంతకంటే కష్టం. ఫోను మోగితే ఎత్తడానికి చెయ్యి రాలేదు. "ఎత్తండమ్మా, వెళ్ళిపోయిందిగా!" అన్నాడాయన.

"బాబు తల్లేనా?" మగ గొంతు, తొందరలో ఉన్న గొంతు. "గుండె డాక్టరునమ్మా. మీ డాక్టరమ్మ మీతోనే చెప్పమన్నారు, అందుకే చేశాను. చూశానమ్మా. రంధ్రం చిన్నది. పూడుకునే చోటే ఉంది. ఇప్పుడు కోయక్కర్లేదు. మందు డాక్టరమ్మకి చెప్తాను, ఆర్నెల్లకి మళ్ళీ చూద్దాం."

ఆమె మంచం అంచున కూలబడింది. థాంక్స్ చెప్పాలని నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది. "అన్ని ముక్కలూ వచ్చాయాండీ? ఏదీ తగ్గలేదు కదా?"

అవతల ఆయన తొందర కాస్త తగ్గింది. "ఏదీ తగ్గలేదమ్మా. ఇదిగో, నా ముందే కొట్టుకుంటోంది."

ఆమె ఒళ్ళోకి చూసుకుంది. ఇక్కడా కొట్టుకుంటోంది.

అత్తగారికి చేస్తే ఒక్క రింగు కూడా పూర్తి కాలేదు.

"చేరాడా?"

"చేరాడు అత్తయ్యా."

"కోస్తారా?"

"ఇప్పుడు కొయ్యరట. చిన్నదట. దానంతటదే పూడుకుంటుందట."

అవతల ఏదో కింద పడిన చప్పుడు, ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు. "అంత దూరం వెళ్ళాడా వెధవ, వానలో" అంది అత్తగారు. గొంతు సవరించుకుని ఇంట్లోవాళ్ళ మీద కేకేసింది: "ఇంక తీసుకోండ్రా మీ ఫోన్లు!"

డాక్టరమ్మ దగ్గర మందు చీటీ తీసుకుని మెట్లు దిగుతుండగానే మొదలైంది. పుట్టింటి నుంచి అమ్మ, చెల్లెలు, లారీలోంచి మొగుడు, ఒకరి మీద ఒకరు. పిచ్చుకగాడు కళ్ళు తెరిచి, మెరుస్తూ మోగుతున్నదాని వైపు చెయ్యి చాపాడు. ఇంకా వెచ్చగానే ఉన్న ఫోనును వాళ్ళమ్మ ఈసారి వాడికి ఇచ్చేసింది.