అందరికీ చెప్పిన మాట

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే మా లాండ్రీలో ఈమధ్య ముగ్గురిని సూపర్‌వైజర్లను చేశారు. కింద పనిచేసేవాళ్లతో ఎలా మాట్లాడాలో వాళ్లకు నేర్పే శిక్షణ తయారు చెయ్యమని మేనేజరు నాకు అప్పగించాడు. నా చదువు అంతంతమాత్రం. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, మంచి మాట తోచేలా చూడమని అడిగి, మొదటి పాఠం చెప్పాను: పదిమంది ముందు ఒక్కరిని పట్టుకుని అనకండి.

ముగ్గురిలో ఒకతణ్ణి అందరూ అల్లుడుగారనే పిలుస్తారు. అతని మామగారు మా దగ్గరే ఇస్త్రీ పని చేస్తాడు. ఆయన పిలుపే మిగతావాళ్లకూ అంటుకుంది. మామగారు ఎదురైతే అతను కూర్చున్నచోట కూర్చోలేడు. అలాంటి మనిషికి నా పాఠం వరంలా దొరికింది.

మామగారు ఇస్త్రీ పెట్టె వేడి మరీ ఎక్కువ పెట్టి దుప్పట్లు మాడుస్తున్నాడు. ఆ సంగతి ఆయనతో అనలేక అల్లుడు హాలు మధ్యన నిలబడి, కొందరు వేడి ఎక్కువ పెడుతున్నారు, తగ్గించాలని అందరికీ కలిపి చెప్పాడు. మిగతావాళ్లంతా బుద్ధిగా తగ్గించారు. మామగారు మాత్రం తగ్గించలేదు. ఆయన చేసినవి మాడాయి, మిగతావి తడి ఆరకుండానే మడతపడి వాసన కొట్టాయి. ఆసుపత్రివాళ్లు మూటలన్నీ తిప్పి పంపారు. ఇంకోసారి తిరిగొస్తే అల్లుణ్ణి మళ్లీ ఉతికే పనిలోకే పంపేస్తానని మేనేజరు తేల్చేశాడు.

ఆ మధ్యాహ్నం అల్లుణ్ణి సబ్బు సంచుల గదిలో కూర్చోబెట్టి, నేనే మామగారిననుకుని చెప్పి చూడమన్నాను. అనుకోగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చో నాయనా, నేను ఉత్తుత్తి మామని."

"ఆయన ముందు నోరు పెగలదండీ. పెద్దాయన మనసు కష్టపెట్టి నేను బాగుపడతానా?"

పెద్దల్ని గౌరవించమన్న దేవుడు, వాళ్ల పొరపాటు వాళ్లకు చెప్పొద్దన్నాడా? ఏమో. నిలబడే చెప్పు, కానీ ఆయన ఒక్కడికే చెప్పు అన్నాను.

టీ వేళ మామగారిని ఆ గదిలోకే పిలిచాడు. నేను గుమ్మం దగ్గర లేని పని కల్పించుకున్నాను.

"మామయ్యగారూ, మీ పెట్టె వేడి ఎక్కువగా ఉంటోంది. దుప్పట్లు మాడుతున్నాయి. కాస్త తగ్గించండి." చూపు మాత్రం నేలమీదే ఉంది.

మామగారు టీ గ్లాసు కింద పెట్టాడు. "నేనా? మీరు హాల్లో అంటుంటే, పాపం ఎవరికో అక్షింతలు పడుతున్నాయే అనుకున్నాను అల్లుడుగారూ. నాతో ముందే అంటే పోయేదిగా."

వెళ్లి వేడి తగ్గించాడు. మిగతావాళ్లను ఎప్పటిలా పెట్టుకోమని అల్లుడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పాడు. ఆ సాయంత్రం పంపిన మూటలు తిరిగి రాలేదు. నా పాఠానికి ఇంకో ముక్క కలిపాను: ఎవరి పొరపాటు వాళ్లను పక్కకు పిలిచి చెప్పాలి, అందరికీ పంచకూడదు.

మర్నాడు మామగారు వచ్చి, ఇప్పుడు వేడి సరిపోయిందా అని అడిగాడు. అల్లుడు లేచి నిలబడి, సరిపోయిందన్నాడు. ఆ లేవడం మాన్పించే పాఠం మాత్రం నేను తయారు చెయ్యదలుచుకోలేదు.