కార్కమ్ పెట్టె మూత

నర్సు వరండాలో గొంతు తగ్గించి చెప్పింది: ముసలాయనకి ఇంక రెండు రోజులు, మహా అయితే మూడు. వెర్నా తల ఊపింది. శవపేటిక మూత మీద బొమ్మ ఇంకా సగం కూడా కాలేదు.

లూనెన్‌బర్గ్ తీరంలో పదకొండేళ్ళుగా ఆమె పని ఇదే. పోయేవాళ్ళ దగ్గర కూర్చుంటుంది, పెదాలు తడుపుతుంది, పక్క మారుస్తుంది. మధ్యమధ్యలో వాళ్ళ పెట్టె మీద వాళ్ళడిగిన బొమ్మ వేస్తుంది. ఓరిన్ కార్కమ్ నలభై ఏళ్ళు లాబ్‌స్టర్లు పట్టే పడవ నడిపినవాడు. సముద్రం నుంచి వస్తుంటే కనబడే తన రేవు కావాలన్నాడు, అదీ మూత లోపలివైపు.

"పైన వేస్తే ఊరు చూస్తుంది. నాకేం లాభం?"

మూడు రోజులుగా వెర్నాకు సరైన నిద్ర లేదు. అప్పటిదాకా గోడకి ఆనించి వేస్తున్న మూతను ఆ ఉదయం రెండు కుర్చీల మీద వెల్లకిలా పెట్టి రంగు కలుపుతోంది. ఓరిన్ కళ్ళు తెరిచాడు.

"ఎవరు తిప్పారది?"

వెర్నా చెయ్యి ఆగిపోయింది. పడవలో సరుకు గది మూతను తిరగేసి పెడితే ఆ పడవ మునిగినట్టేనని జాలర్ల నమ్మకం. జాలరి కూతురు, ఆమెకు తెలియనిది కాదు.

"నేనే, కెప్టెన్. ఒళ్ళు తెలీలేదు. అయినా మీరేమన్నా తిరిగొచ్చేదుందా?"

"రాను. కానీ చేరాలిగా. మధ్యలో మునిగితే?" ఆయన గోడవైపు తిరిగాడు. "ఆ పెట్టెలో పడుకోను. దుప్పట్లో చుట్టెయ్యండి."

"నాన్నా, అది పడవ కాదు," అంది కూతురు గ్లెండా.

"నువ్వు బ్యాంకులో పనిచేస్తావు. నీకేం తెలుసు?"

మధ్యాహ్నం దాకా నీళ్ళు కూడా ముట్టలేదు. కొత్త మూతకు వడ్రంగి వారం అడిగాడు.

వెర్నా రెండు నిచ్చెనలు తెచ్చి మంచానికి తలవైపొకటి, కాళ్ళవైపొకటి నిలబెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి మూతను వాటి మెట్ల మీద తిన్నగా, లోపలివైపు కిందికి ఉండేలా, ఆయన ముఖానికి మూరెడు ఎత్తున పరిచారు. వెర్నా చెప్పులు విప్పి, "ఇక దీన్ని తిరగెయ్యను. కాస్త జరగండి," అని ఆయన పక్కన పడుకుని కుంచె పైకెత్తింది.

"ఈ వయసులో నా పక్కలో ఆడమనిషి."

"మీ అదృష్టం. లైట్‌హౌసు ఎక్కడ?"

"ఎడమకి. ఇంకా. రాళ్ళకి గుద్దేస్తున్నావు."

రంగు ఇద్దరి ముఖాల మీదా కారింది. రెండుసార్లు గీకి మళ్ళీ వేసింది. చెయ్యి మొద్దుబారితే రెండో చేత్తో పట్టుకుని వేసింది. మర్నాడు సాయంత్రానికి రేవు తేలింది. ఓరిన్ చాలాసేపు చూశాడు.

"సరే. ఇందులో వెళ్తాను."

"రేవులో మీ షెడ్డు ఒక్కటే మిగిలింది. ఏ రంగు?"

వెర్నా ఆయన గుండె మీద చెయ్యి వేసి ఆగింది. మళ్ళీ ఆగింది. కదలిక లేదు.

తలుపు దగ్గర గ్లెండా ఏడుస్తోంది. వెర్నా లేవబోయింది. కాలేదు.

"కాస్త లేవదియ్యి గ్లెండా. ఆయనకి స్నానం చేయించాలి. నా నడుం పట్టేసింది."