ముప్పై మూడు అంగుళాలు

మిషనమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు తీసి, లెన్సులు పెట్టి అప్పటికి నాలుగు వారాలైంది. పని ఇంకా పూర్తి కాలేదని డాక్టరమ్మ చెబితే ఇంకొకరైతే బెంబేలెత్తిపోయేవారే. మిషనమ్మ మాత్రం కుర్చీ అంచుకు జరిగి, చెవులు రిక్కించింది.

"మామూలు లెన్సుకి పవరు ముందే ఖాయం చేసి లోపల పెట్టేస్తాం. తర్వాత ఎలా కనిపిస్తే అలా సర్దుకుపోవాల్సిందే," అంది డాక్టరమ్మ. "మీకు పెట్టింది కొత్త రకం. కన్ను మానాక బయటినుంచి ఒక రకం వెలుతురు వేసి పవరు సరిచేస్తాం. మీరు నాలుగు రోజులు చూసుకుంటారు. నచ్చకపోతే మళ్ళీ సరిచేస్తాం. బాగుందన్నాక తాళం వేస్తాం. తాళం పడ్డాక మాత్రం దేవుడు దిగొచ్చినా మార్చలేం."

"అంటే ట్రయలన్నమాట!"

ముప్పై ఏళ్ళుగా జనానికి కచ్చా కుట్టు వేసిన కోట్లు తొడిగించి, చంకల్లో పిన్నులు గుచ్చి, విప్పించి, మళ్ళీ కుట్టిన మనిషి ఆవిడ. కంటికి కూడా ట్రయల్ ఉంటుందని తెలిసేసరికి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. తాళం పడేదాకా ఎండ లెన్సులతో ఆటలాడకుండా ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టుకు తిరగాలంటే, సంతోషంగా అవీ పెట్టుకుంది.

"మరి మీకు ఎంత దూరంలో బాగా కనిపించాలి?"

మిషనమ్మ నోరు తెరిచేలోగా కూతురు అందుకుంది. "దూరంగా, డాక్టరుగారూ! మొన్న ఎదురుగా స్కూటరొస్తుంటే కనపడక నడిరోడ్డు మీద నిలబడిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి."

మిషనమ్మ గంగిరెద్దులా తల ఊపింది. గడ్డం ఆనించి, రెప్ప వేయకుండా, ఒక్కో కంటికి రెండేసి నిమిషాలు వెలుతురు వేశారు. నొప్పి లేదు, సూది లేదు.

మర్నాటికల్లా ఆవిడను పట్టడం ఎవరివల్లా కాలేదు. బస్సు నంబర్లు చదివింది. వీధి చివరి మందుల షాపు బోర్డు మీదున్న ఫోను నంబరు పైకి చదివింది. ఎదుటి మేడ మూడో అంతస్తులో ఆరేసిన గౌను అంచు వంకరగా ఉందని, అది తమ కొట్లో కుట్టింది కాదని, వినేవాళ్ళకీ విననివాళ్ళకీ చెప్పింది. కూతురు నవ్వలేక చచ్చింది.

ఆ ఊపులోనే కొట్లోకి వచ్చి మిషను ముందు కూర్చుంది. ఎదురుగా బల్ల దగ్గర మొగుడు గుడ్డ కత్తిరిస్తున్నాడు. ఆయన్ని వీధంతా కత్తెరాయన అంటారు. ఆయన ఆమెను చూసి ఏదో అన్నాడు. ఆమె తల ఊపింది. ఊపేశాక గానీ తెలిసిరాలేదు, ఆయన ఏమన్నాడో తనకు తెలియనే తెలియదని.

కత్తెరాయనకు పుట్టుకతో వినపడదు. మాటలన్నీ చేతుల్లోనే. పనిలో ఉన్నప్పుడు కుడిచేతిలో కత్తెర ఉంటుంది కనుక, ఎడమచేతి వేళ్ళతో, రెండు కనుబొమలతో ఊరందరి గుట్టూ విప్పేవాడు. ఎవరి పొట్ట ఎంత పెరిగింది, ఎవరు ఊపిరి బిగబట్టి కొలతలిచ్చారు, అన్నీ ఆ వేళ్ళలోనే. వాగుడుకాయ కావడానికి గొంతే ఉండనక్కర్లేదు. ఆమె మిషను తొక్కుతూ, నవ్వు ఆపుకోలేక కుట్టు తప్పిన రోజులు ఎన్నో.

శుక్లాలు ముదిరేకొద్దీ ఆ వేళ్ళు పొగలో కలిసిపోయాయి. మళ్ళీ చెప్పమని మనిషి ఎన్నిసార్లు అడుగుతుంది? అడగడం మానేసి తల ఊపడం నేర్చుకుంది. ఆయన చెయ్యి కదిలితే ఒక ఊపు, కనుబొమ లేస్తే ఒక నవ్వు. కొన్నాళ్ళకు ఆయన చెయ్యి బల్ల మీదినుంచి లేవడమే తగ్గిపోయింది. రెండేళ్ళుగా ఒకే గదిలో పొద్దస్తమానం ఎదురెదురుగా కూర్చుని, తిన్నావా, దీపం వెయ్యి, అంతకుమించి మాటల్లేవు.

ఇప్పుడు వీధి చివరి బోర్డు కనిపిస్తోంది. బల్లకు అవతల మొగుడి వేళ్ళు మాత్రం అలికేసినట్టే ఉన్నాయి. ఎల్లుండి వెళ్ళి బాగుందంటే తాళం వేసేస్తారు.

మర్నాడు మెళ్ళో ఉన్న టేపు తీసి, ఒక కొస తన కంటి దగ్గర పట్టుకుని, రెండో కొస ఆయన వైపు చాచింది. చొక్కాకి కొలతలనుకుని కత్తెరాయన బుద్ధిగా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. పొట్ట కూడా లోపలికి లాగాడు. ఆమె విసుక్కుని, ఆయన ఎడమచేతిని పట్టి బల్ల మీద పెట్టి, అక్కడిదాకా కొలిచింది. ముప్పై మూడు అంగుళాలు.

"ఎలా ఉందమ్మా? తాళం వేసేద్దామా?" అంది డాక్టరమ్మ ఆ మర్నాడు.

"వద్దు. నాకు ముప్పై మూడు అంగుళాల్లో కనపడాలి."

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. కంటికి కొలత పట్టుకొచ్చిన మనిషిని ఆవిడ అంతకుముందు చూసి ఉండదు.

"అమ్మా, నీకేమైనా పిచ్చా? మరి రోడ్డు?" అంది కూతురు.

"రోడ్డు దాటేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటా. రోడ్డెక్కడికీ పోదు, ఆగుతుంది."

"మరి ఆ ముప్పై మూడుకే పెట్టుకోవచ్చుగా కళ్ళద్దాలు?"

"మీ నాన్న మాట అలా ఆగుతుందటే? నేను కళ్ళద్దాలు వెతుక్కునేలోగా అయిపోతుంది."

కూతురు ముక్కు ఎగబీల్చి కిటికీ వైపు తిరిగింది. డాక్టరమ్మ ఎదురుగా చార్టు పెట్టి, దూరం కొలిచి, లెక్క కట్టి, మళ్ళీ వెలుతురు వేసింది.

మర్నాడు పొద్దున్న మిషనమ్మ మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. మందుల షాపు బోర్డు కాస్త మసకబారింది. పోతే పోయింది. కత్తెరాయన తలెత్తలేదు. ఎడమచేత్తో గుడ్డ మడత సాపు చేస్తున్నాడు.

సాపు చేయడం కాదది. వేళ్ళు మాట్లాడుతున్నాయి. చెయ్యి ఎత్తకుండా, గుడ్డ మీదే, చిన్నగా, గబగబా. 'ఈ పెద్దమనిషి పోయినేడు ముప్పై ఆరన్నాడు. ఇప్పుడూ ముప్పై ఆరేనట. నేను మాత్రం నలభైకి కత్తిరిస్తున్నా. తొడుక్కుని, చూశావా నేనేం పెరగలేదు అంటాడు.'

ఆయన మానలేదు. రెండేళ్ళూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది మిషనమ్మకు, దాన్ని తోసుకుని నవ్వు ముందొచ్చింది. భుజాలు ఎగిరేలా పకపకా నవ్వింది.

కత్తెరాయన తలెత్తి చూశాడు. వేళ్ళు ఆగాయి. 'కనిపించిందా?'

'నలభై,' అంది ఆమె వేళ్ళతో. తర్వాత తప్పు ఒప్పుకుంది. 'ఇన్నాళ్ళూ ఉత్తినే తల ఊపాను.'

'తెలుసు. గుండీల కొట్టావిడతో లేచిపోతానంటే ఊపావు. నవ్వావు కూడా.'

మూడు రోజుల తర్వాత డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. ఇదే ఆఖరిసారి, ఇంకేమైనా మార్చాలా, బాగా ఆలోచించుకోండి, తొందరేం లేదు అంది.

"మీకు లేదేమో, నాకుంది," అంది మిషనమ్మ, అప్పటికే గడ్డం ఆనించేసి. "వేసెయ్యండి డాక్టరమ్మా. రెండేళ్ళ కబుర్లు. మూడు రోజులుగా చెప్పుకుంటున్నాం, ఇంకా మొదటి వానాకాలమే దాటలేదు."