వెస్లీ విప్పిన ఇంజను

వెస్లీ డర్ట్ బైక్ ఎనిమిది నెలలుగా ఛత్రినాకలో అతని అద్దెగది మెట్ల కింద కదలకుండా ఉంది. అంతకు ముందు నుంచే సైలెన్సర్‌లోంచి నీలంపొగ వస్తుండేది. పిస్టన్, రింగులు అరిగి ఇంజను ఆయిల్ తాగుతోందని అతనికి తెలుసు. ప్రహ్లాద్ లేకుండా దాన్ని ముట్టుకోవడానికి మాత్రం చెయ్యి రాలేదు.

వెస్లీ ఆర్టీసీలో కండక్టరు. నలభై ఒక్కేళ్లు, పెళ్లి చేసుకోలేదు. రోజంతా జనం మధ్య ఒరుసుకుంటూ "ముందుకు జరుగుర్రి" అని అరిచి అరిచి గదికి వస్తే, మళ్లీ డ్యూటీ ఎక్కేదాకా నోరు విప్పే పని ఉండదు. ఒకప్పుడు ఆదివారాలు వేరేగా ఉండేవి. చర్చి కాగానే అతనూ, ఫలక్‌నుమాలో ఉండే ప్రహ్లాదూ చెరో బండి మీద ఊరు దాటి రాళ్లగుట్టల్లోకి పోయేవారు. పదేళ్లు అలాగే గడిచాయి. ప్రహ్లాద్ ఏసీలు బాగుచేసే పని చేసేవాడు. రెండు బండ్ల ఇంజన్లూ అతనే విప్పేవాడు. వెస్లీ టార్చి పట్టుకుని, అడిగిన పానా అందించేవాడు.

ఎండాకాలం మొదట్లో ప్రహ్లాద్ గుట్ట దిగుతూ పడ్డాడు. నడుం విరిగింది. ఆపరేషనైనా కర్ర లేకుండా నడవలేడు. "ఐదు నిమిషాలల్ల ఎన్కకు వచ్చిన" అని, అతనికంటే ముందే గుట్ట దిగిపోయిన వెస్లీ అందరికీ చెప్పాడు. ఆ మాట చెప్పాక ఆసుపత్రికి రెండుసార్లు వెళ్లాడు. ఆ తర్వాత వెళ్లలేకపోయాడు. ప్రహ్లాద్ కూడా పిలవలేదు.

"ఆ బండి నడుపుతవా, తుక్కుకిస్తవా? మెట్ల కింద జాగ లేదు" అని ఇంటి ఓనరు ఈశ్వరయ్య ఒకరోజు గట్టిగా అన్నాడు. వెస్లీ వారం రోజులు సెలవు పెట్టాడు.

ఏది ఎక్కడిదో మర్చిపోకుండా అడుగడుగునా ఫోనులో ఫొటోలు తీసుకుంటూ ట్యాంకు దించాడు. ఇంజను పైమూతైన హెడ్డు లేపాడు. సిలిండర్ పైకి లాగితే పిస్టన్ పక్కల పొడుగునా గీతలు. సిలిండర్ పట్టుకుని ఫలక్‌నుమాలో సిలిండర్లకు బోరింగ్ చేసి లోపలి గోడ నున్నబరిచే ముసలాయన దగ్గరికి వెళ్లాడు.

"కిస్నే ఖోలా?" ఎవరు విప్పారని అడిగాడాయన.

"మై ఖోలా, చాచా," తానేనన్నాడు వెస్లీ.

"అకేలే?"

ఒక్కడినే అన్నట్టు వెస్లీ తల ఊపాడు. ఆయన సిలిండర్ లోపల వేలితో తడిమి, మర్నాడు రమ్మన్నాడు.

కొత్త పిస్టన్ మీదికి సిలిండర్ దించడం ఇద్దరు చేసే పని. ఒకరు సిలిండర్ పట్టుకోవాలి, ఇంకొకరు రింగులు వేళ్లతో నొక్కిపట్టాలి. వెస్లీ పిస్టన్ కింద రెండు చెక్కముక్కలు ఆనించి, సిలిండర్‌ను మోచేత్తో అదిమి, రెండుసార్లు తప్పి మూడోసారి దించాడు. అది మెత్తగా జారి కూర్చుంది. "లోపలికి పోయింది!" అన్నాడు పైకే. ఆ మాట వినడానికి పక్కన ఎవరూ లేరు.

హెడ్డు బిగించి, వాల్వులను నడిపే టైమింగ్ గొలుసు వేసి, ఇంజనును పానాతో నెమ్మదిగా తిప్పాడు. సగంలో టక్కున ఆగింది. ఫొటోలన్నీ మళ్లీ చూసినా అర్థం కాలేదు. గంటసేపు మెట్ల మీద కూర్చున్నాడు. చివరికి ఫోను చేశాడు.

"ప్రహ్లాద్, నేను వెస్లీని."

"చెప్పు."

"బండి నేనే ఇప్పిన. కొత్త పిస్టన్ ఏసిన. తిప్పితే సగంల ఆగుతుంది."

"జోరుగ తిప్పినవా?"

"లే."

"తిప్పకు. వాల్వు పిస్టన్‌కు తాకుతున్నట్టుంది, ఒంగుతది. కింద మ్యాగ్నెట్ చక్రం మీద గీత కలిపినవా?"

"కలిపిన."

"పైన పళ్లచక్రం మీద రెండు గీతలుంటయి. అవి హెడ్డు అంచుకు సమానంగ ఉన్నయా?"

వెస్లీ వంగి చూశాడు. "ఒకటి కిందికుంది."

"ఒక పన్ను తప్పింది. గొలుసు లోపల పడకుండ తీగ కట్టి, ఒక పన్ను జరుపు."

"సరే."

చెప్పాల్సింది అయిపోయింది. అయినా ఇద్దరూ ఫోను పెట్టలేదు.

"ప్రహ్లాద్... ఆ రోజు ఐదు నిమిషాలు కాదు," అన్నాడు వెస్లీ. "చెరువుకట్ట కాడ కూసున్న. నీ బండి చప్పుడు ఇనపడలే. వస్తవులే అనుకున్న. మల్ల గుట్ట ఎక్కుడెందుకని బద్ధకమైంది. అరగంటయింది."

"నలభై నిమిషాలు," అన్నాడు ప్రహ్లాద్. "చేతికి గడియారముండె. పడ్డకాన్నుంచి అదే చూసుకుంట ఉన్న."

వెస్లీ పానా కింద పెట్టాడు. "నీకు తెల్సి కూడ ఎవ్వరికి చెప్పలే."

"నువ్వే చెప్తవని చూసిన," అన్నాడు ప్రహ్లాద్. "గొలుసు మంచిగ పెట్టు" అని ఫోను పెట్టేశాడు.

వెస్లీ ఫోను మెట్టు మీద పెట్టి, తీగ వెతికి గొలుసుకు కట్టాడు. తర్వాత గొలుసు ఒక పన్ను జరిపాడు. ఇంజను రెండు చుట్లు అడ్డం లేకుండా తిరిగింది. సాయంత్రానికి అంతా బిగించి కిక్కు కొట్టాడు. పదో కిక్కుకో పదకొండో కిక్కుకో అంటుకుంది. బిగించేటప్పుడు లోపల పూసిన ఆయిల్ కాలి కాసేపు పొగ వచ్చింది, తర్వాత తేటపడింది. ఈశ్వరయ్య పైనుంచి తొంగిచూసి, "అయితే నడుస్తదన్నమాట" అని లోపలికి పోయాడు. ఇంజను అంత శుభ్రంగా మోగడం వెస్లీ ఎప్పుడూ వినలేదు. అయినా సంతోషం రాలేదు. బండి ఆపి, నూనెచేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆదివారం చర్చి నుంచి నేరుగా ప్రహ్లాద్ ఇంటికి వెళ్లాడు. తలుపు ప్రహ్లాద్ భార్య కళావతి తీసింది.

"పండుకున్నడన్నా," అంది. లోపల టీవీ చప్పుడు ఒక్కసారిగా తగ్గింది.

"బండి మంచిగైందని చెప్పమ్మా. మల్ల ఆదివారం వస్త."

"మీ ఇష్టమన్నా."

పిస్టన్ కొత్తది కాబట్టి వేగం పెంచకుండా, మధ్యమధ్య ఆగి ఇంజను చల్లారనిస్తూ ఊరి బయటిదాకా పోయి, ఒక్కడే తిరిగొచ్చాడు.

మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాడు. ఈసారి కళావతి గడప దగ్గరే నిలబెట్టి గ్లాసుతో నీళ్లిచ్చింది. ప్రహ్లాద్ మాత్రం బయటికి రాలేదు. నీళ్లు తాగి, వచ్చే ఆదివారం కూడా వస్తానని చెప్పి వెస్లీ బండి ఎక్కాడు.