కారణం అనే గడి

మడతపెట్టిన దుప్పటి మంచం మీద పెట్టి ఆమె మళ్ళీ స్క్రీన్ చూసింది. రెండొందల పద్నాలుగు ఎర్రర్లు. పొద్దున్నుంచి ఇది అయిదోసారి. బయటివాళ్ళు రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ ఒకటి ఇన్‌స్టాల్ చేసి, దాని మీద తన ప్రోగ్రాం నడిపి చూపించాలి. గడువు మధ్యాహ్నం మూడు. మూడేళ్ళు ఇంట్లో ఉండి తిరిగి చేరిన ఉద్యోగం. ఆర్నెల్ల ప్రొబేషన్ ఇవాళ్టితో సరి. ప్రోగ్రాం నడవకపోతే ఉద్యోగం ఉండదు.

"ఇంకా తెమల్లేదా?" హాల్లోంచి అత్తగారు. "మావాడైతే చిటికెలో చేసేవాడు. ఆ పంతమేదో పక్కన పెట్టి వాడి చేత చేయించుకోకూడదూ?"

చేయించుకోవడం దాకా ఎందుకు, భర్త అడక్కుండానే చేశాడు. శనివారం సాయంత్రం ఆమె పాపకి స్నానం చేయిస్తుంటే వచ్చి, ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, ఏదో పెట్టి పది నిమిషాల్లో లేచాడు. నువ్వు ముట్టుకుంటే కంప్యూటర్ కూడా అలుగుతుందన్నాడు. ఆ జోకు టీమ్ లీడ్‌కీ ఫోన్లో చెప్పి నవ్వించాడు. లీడ్ అతని పాత స్నేహితుడు. భర్త మాట మీదే ఆమెకి ఉద్యోగం వచ్చిందని ఇంట్లో అందరి నమ్మకం. మూడు ఇంటర్వ్యూలు దాటింది మాత్రం ఆమె.

ఎర్రర్లలో మొదటిదే చదవాలి, మిగతావన్నీ దాని సంతానం. పెళ్ళికి ముందు ఆఫీసులో కొత్తవాళ్ళకి ఈ మాట నేర్పింది తనే. రెండు రోజులుగా కంగారులో చివరిది చదువుతోంది. జాబితా మొదటికి జరిపింది. ప్రోగ్రాంని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ తెరుస్తున్న ఫైలు ఆమె తెచ్చిన కొత్త లైబ్రరీలోది కాదు. వేరే ఫోల్డర్లో అదే పేరుతో నాలుగేళ్ళ నాటి కాపీ ఉంది. కంపైలర్ ముందు దాన్నే చూస్తోంది. ఆ ఫోల్డర్ పుట్టింది శనివారం సాయంత్రం ఆరుంబావుకి.

తీసేసింది. ప్రోగ్రాం నడిచింది. టైము రెండుంబావు.

గడువు దాటకపోయినా అనుకున్నదానికన్నా రెండు రోజులు ఎక్కువ పట్టింది కాబట్టి, టీమంతా చూసే పట్టికలో 'కారణం' గడి నింపాలి. వేళ్ళు వాటంతటవే 'నా పొరపాటు' అని కొట్టాయి. ఆర్నెల్లలో ఆ గడిలో ఆ మాట పదకొండుసార్లు రాసింది. అందులో నిజంగా తనవి మూడు.

చెరిపేసి రాసింది: 'శనివారం సాయంత్రం మా ఆయన నన్ను అడక్కుండా నా కంప్యూటర్లో ఈ లైబ్రరీ పాత కాపీ పెట్టారు.'

"అయిందా?" పక్క గదిలోంచి భర్త. "నేను చూశానని రాయి, మీ లీడ్ అడుగుతాడు."

"రాశాను," అని పంపింది.

అయిదు నిమిషాలకి పక్క గదిలో ఫోన్ మోగింది. లీడ్‌ని పేరు పెట్టి పలకరించిన భర్త మాట మధ్యలో ఆగిపోయాడు. ఆమె కుర్చీ తలుపు వైపు తిప్పుకుని కూర్చుంది.