వంతెన దాటాక ఆరు

పైలట్లకు నేర్పే ఆ సిమ్యులేటరు, గది గడప దాటకుండానే ఆకాశాన్ని అరగదీసిన విమానం. రెక్కల్లేవు, చక్రాల్లేవు. ఆరు ఇనుప కాళ్ల మీద ఊగుతూనే భూగోళాన్ని నూరుసార్లు చుట్టొచ్చింది. దాని ఆలనాపాలనా అంతా మేస్త్రిదే.

కొండ దగ్గరపడితే ముందే అరిచి చెప్పే ఏర్పాటును దానికి తగిలించడానికి మేస్త్రికి మూడు నెలలు పట్టింది. పనిచేస్తోందో లేదో చూద్దామని నది వంతెనకు అవతల ఓ కొండను నిలబెట్టాడు. పని తీరాక దాన్ని అక్కడే వదిలేశాడు. చేసిన తప్పు అదే.

తెల్లారితే చివరి పరీక్ష అనగా, భోజనాల దగ్గర, పైలటు చదువుతున్న బావమరిది గొప్పలు మొదలుపెట్టాడు.

"మబ్బులో ఏమీ కనబడక్కర్లేదు బావా. వంతెన దాటి ఆరు లెక్కపెట్టి విమానాన్ని పైకి లాగేస్తాం. అంతే, పాస్."

"మరి అది అరుస్తుంది కదరా?"

"ఎక్కడ అరుస్తుంది? తలనొప్పిగా ఉందని మా కెప్టెన్‌గారు దాని నోరు మూసేశారు."

మేస్త్రి కంచం పక్కకు నెట్టాడు. పొద్దున్నే వెళ్లి చూస్తే నిజమే. స్పీకరు మీద పుండుకు వేసే ప్లాస్టరు, దాని మీద ఎవడో నమిలి అంటించిన చూయింగ్ గమ్. గోటితో గీకి గమ్ పారేసి, ప్లాస్టరు జేబులో వేసుకున్నాడు. కొండను వంతెనకు ఇవతలికి లాగాడు.

పరీక్ష మొదలైంది. బావమరిది పైలటు సీట్లో, పాఠాలు చెప్పే కెప్టెన్ వెనక కుర్చీలో, మేస్త్రి మీటల దగ్గర. తెర నిండా మబ్బు.

"పుల్ అప్! పుల్ అప్!" అని యంత్రం గొంతు చించుకుంది.

"వంతెనే రాలేదు, దీని గోలేంటి?" అని బావమరిది విసుక్కున్నాడు. చెయ్యి చాపాడు. విమానాన్ని పైకి లాగడానికి కాదు, అరచేత్తో స్పీకరు మూయడానికి.

పద్నాలుగు సెకన్లకు విమానం కొండను గుద్దుకుని, తెర ఎర్రబడి ఆగిపోయింది.

"పిల్లలు అలవాటుపడ్డ కొండను జరుపుతావేంటయ్యా మేస్త్రీ? మళ్లీ దాని చోట దాన్ని పెట్టు. ఇదంతా చెరిపెయ్," అన్నాడు కెప్టెన్.

"చెరిపేస్తే వచ్చే నెల వీడి వెనకాల నూట ఎనభైమంది కూర్చుంటారండి."

"నీ సొంత బావమరిదయ్యా."

"అందుకే ఇంకా అసహ్యంగా ఉంది. ఆ కొండను అక్కడే వదిలేసిన నన్ను చూసుకున్నా అలాగే ఉంది."

మీట నొక్కాడు. అరిచిన ప్రతి సెకనూ వరసగా అచ్చయి కాగితం బయటికొచ్చింది. పై ఆఫీసుకు ఒకటి పంపి, రెండోది జేబులోని ప్లాస్టరుతో తలుపుకు అంటించాడు. ఆ ప్లాస్టరుకు దొరికిన మంచి పని అదొక్కటే.

ఇంటావిడ ఇద్దరికీ కలిపి కట్టిన క్యారియరు బల్ల మీద అలాగే ఉంది. మేస్త్రి మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.

"అక్కకేం చెబుతావు బావా?" బావమరిది తల వంచుకునే అడిగాడు.

"ఫెయిలయ్యాడు, ప్రాణాలతో ఇంటికొస్తున్నాడు అని చెబుతా. పద."